మళ్ళా సార్

పోయిన వారం కోలారులో కళ్ళు చూపించుకోవడానికి వెళ్ళాను. కుడి కంట్లో పొర వచ్చిందన్నారు. ఆపరేషన్‌కి ముందు కన్ను పొడవు కొలవాలని ఒక గదిలోకి పంపారు. తెల్లకోటు వేసుకున్న చిన్న వయసు అమ్మాయి నా గడ్డాన్ని మిషన్ మీద పెట్టించి, నుదురు పట్టీకి ఆనించి, "లైట్‌నే చూడండి ఆంటీ" అంది. ఐదుసార్లు బీప్ అని మోగింది. నేను సర్దుకుని కూర్చునేలోగానే అయిపోయింది. పక్కనున్న ప్రింటర్ నుంచి కాగితం బయటికి వచ్చేసింది.

"మళ్ళా?" అన్నాను గడ్డం తియ్యకుండానే.

"ఎందుకాంటీ? ఐదు రీడింగులూ మిషనే తీసుకుంది. అన్నీ బాగా వచ్చినాయి."

లేచాను గానీ మనసు ఒప్పుకోలేదు. పొయ్యి మీద ఏదో పెట్టి మరిచిపోయి వచ్చినట్టు అనిపించింది. కన్ను కొలవడం అంటే నాకు ఇంతవరకూ తెలిసింది ఒక్క మనిషే. కేజీఎఫ్‌లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు నాకు గుర్తు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆయన మళ్ళా సారే. ఒకసారి కొలిచి, అంకె విని, "మళ్ళా" అనేవాడు. ఇంకోసారి కొలిచి "మళ్ళా" అనేవాడు. మూడూ దగ్గర దగ్గరగా వస్తేనే కార్డు మీద రాసేవాడు. రాకపోతే మనల్ని ఇంటికి పంపేసేవాడు. ఎంత బతిమాలినా, ఎంత తిట్టినా అంతే.

బంగారు గని మూతపడ్డ తర్వాతి రోజులవి. రాబర్ట్‌సన్‌పేటలో ఒక ధర్మసంస్థ వాళ్ళు రెండు గదుల్లో కంటి క్లినిక్ నడిపేవాళ్ళు. ముందు గదిలో బెంచీలు, వెనక గదిలో కిటికీకి నల్లగుడ్డ, ఆ చీకట్లో మిషన్, మిషన్ వెనక మళ్ళా సార్. బెంగుళూరులో ఎవరో పెద్ద డాక్టరు కొత్తది కొనుక్కుని ఆ పాత మిషన్ని దానం చేశాడట. వెలుగుతో కన్ను లోపలి పొడవు కొలిచి, అంకెను చిన్న తెర మీద చూపించేది. ఆ అంకెను బట్టే కంట్లో ఎలాంటి లెన్సు పెట్టాలో తేలుతుంది. ఒక్క మిల్లీమీటరు తప్పు రాసినా లెన్సు తప్పుతుంది. అది కళ్ళజోడు కాదు, బాగాలేదని తీసి బల్ల మీద పెట్టడానికి.

"ముప్పై ఏండ్లు గనిలో కింద చీకట్లో ఉంటిని. బయటపడితినా అంటే ఇంగో చీకట్లో వచ్చి కూచుంటిని. నా రాత అట్లుండాది" అనేవాడు ఆ నల్లగుడ్డను చూపించి. నవ్వుతూనే అనేవాడు.

మనిషి పొట్టి. చెవి మీద వడ్రంగులు వాడే లావుపాటి పెన్సిల్ ఉండేది. కార్డు మీద అంకెలు అరచేతి వెడల్పున రాసేవాడు. రెండు కన్నులకు మూడేసి అంకెలు రాస్తే కార్డు నిండిపోయేది, డాక్టరు రాయడానికి చోటే మిగిలేది కాదు. ఇంకో సంగతి, ఆయన మనిషిని సూటిగా చూసేవాడు కాదు. మాట్లాడుతున్నంతసేపూ మన చెవి పక్కన ఎవరో నిలబడి ఉన్నట్టు అటు చూసేవాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. ఇంత పొగరేమిటి ఈ మనిషికి అని మనసులో తిట్టుకున్నాను కూడా.

అన్నిటికన్నా పెద్ద చాదస్తం, ఒంటరిగా వచ్చినవాళ్ళకు కొలిచేవాడు కాదు. వెంట ఎవరూ లేకపోతే ముందు గది బెంచీ మీదినుంచి ఎవరినో ఒకరిని పిలిచి తెర పక్కన నిలబెట్టేవాడు. ఆయన మిషన్ పట్టుకుంటాడు, వాళ్ళు అంకె చదవాలి.

"మీ ముందరే ఉంది కదా సార్, మీరే చదువుకోవచ్చు కదా" అని నేను అడిగాను.

"కొలిచే కన్ను వేరే, చదివే కన్ను వేరే ఉండల్లమ్మా. అండర్‌గ్రౌండ్‌లోనూ అంతే."

గనిలో ఆయన సర్వే వాళ్ళతో పనిచేశాడు. సొరంగంలో ఈ గోడకొకటి, ఆ గోడకొకటి ఇనప మేకులు దిగ్గొట్టి, వాటి మధ్య దూరం కొలిచేవాళ్ళట. అంత లోతులో రాయి ఊరికే ఉండదు, మనిషికి తెలియకుండా కొంచెం కొంచెం దగ్గరికి జరుగుతుంది. నిన్నటి కొలతకీ ఇవ్వాళ్టి కొలతకీ తేడా వస్తే దాన్ని నమ్మాలా వద్దా అన్నదే వాళ్ళ పని. "రాయి కదిలిందా, నా చెయ్యి కదిలిందా? అది తేలకుండా పుస్తకంలో రాయగూడదు" అనేవాడు. మిషన్ దగ్గర కూడా అదే మాట. కన్ను కదిలిందా, నా చెయ్యి కదిలిందా అని తనలో తానే అడుక్కునేవాడు.

మా నాయన కూడా గని మనిషే. రాయి పెచ్చు ఎగిరి తగిలి ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన కుడి కంట్లో పొర వచ్చింది. అమ్మ లేదు. నేను మారికుప్పంలో పొద్దుటి రైలు ఎక్కి బెంగుళూరు పోయి, ఒక ఆఫీసులో టైపింగ్ చేసి, సాయంత్రం రైలుకు తిరిగి వచ్చేదాన్ని. గనివాళ్ళు ఉండే ఇళ్ళ వరసల్లో, అంటే లైన్లలో, మాది చివరి ఇల్లు. ఒకరోజు నాయన నీళ్ళ కొళాయి కోసం బయల్దేరి, దారి తప్పి, మూసేసిన పాత షాఫ్ట్ బావి కంచె దాకా పోయాడు. ఎవరో చూసి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. మర్నాటి నుంచి నేను బయట తాళం వేసి పోవడం మొదలుపెట్టాను.

కన్నతండ్రిని పొద్దుటినుంచి చీకటి పడేదాకా ఇంట్లో పెట్టి తాళం వేశాను. ఇది చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. రైల్లో బంగారుపేట దాటేలోగా నాలుగుసార్లు సంచిలో చెయ్యి పెట్టి తాళం చెవి తడుముకునేదాన్ని. ఇంట్లో పొయ్యి అంటుకుంటే, ఆయన పడిపోతే, అని ఆలోచనలు. సాయంత్రం తలుపు తీస్తే సరిగ్గా తలుపు వెనకే స్టూలు వేసుకుని కూర్చుని ఉండేవాడు. "వచ్చినావా" అనేవాడు. ఒక్కనాడూ నన్ను ఒక మాట అనలేదు. ఒకసారి మాత్రం అన్నం తింటూ, "షిఫ్ట్ అయినాక పైకి తీసుకుపోయే కేజ్ రాకుంటే కింద ఇట్లనే కూచుంటా ఉంటిమి. ఎప్పుడు గంట కొడతాడా అని" అన్నాడు.

అందుకే నాకు ఆ ఆపరేషన్ కావాలి. ఆయనకు చూపు వస్తే నా చేతిలో తాళం పోతుంది. అంతకన్నా పెద్ద కోరిక నాకప్పుడు లేదు.

క్లినిక్ నుంచి నెలకొకసారి ఆసుపత్రికి ఆపరేషన్ల బస్సు వెళ్ళేది. మళ్ళా సార్ రాసిన కార్డు ఉంటేనే ఎక్కించుకునేవాళ్ళు. మొదటి నెల నాయనను తీసుకెళ్ళాను. ముందుగా గోడమీది చార్టు చదవమన్నాడు సార్.

ఇక్కడ మా లైన్ల గుట్టు ఒకటి చెప్పాలి. గనిలో ఏడాదికొకసారి మెడికల్ ఉండేది. చూపు తగ్గిందంటే అన్‌ఫిట్ అని రాసేస్తారు, మరి కిందికి దిగనివ్వరు. అందుకని అందరూ కంటి చార్టును బట్టీ పట్టేవాళ్ళు. ఒకడు చూసొచ్చి ఇంకొకడికి నేర్పేవాడు. ఇంగ్లీషులో సంతకం రానివాళ్ళు కూడా ఆ అక్షరాలు పై నుంచి కిందికి గడగడా అప్పజెప్పేవాళ్ళు. మా చిన్నప్పుడు లైన్లలో పిల్లలకు ఎక్కాలు రాకపోయినా చార్టు వచ్చేది.

నాయన నిటారుగా కూర్చుని మొదలుపెట్టాడు. "ఈ. ఎఫ్, పీ. టీ, ఓ, జెడ్. ఎల్, పీ, ఈ, డీ..." ఐదో వరుస దాకా ఎక్కడా తడబడలేదు.

"బాగా చదివినావప్పా" అన్నాడు మళ్ళా సార్. "చార్టు లైటు నేను అప్పుడే ఆర్పేసినాను."

బెంచీల మీద వాళ్ళు ఒకటే నవ్వు. నాయన కూడా నవ్వాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత మిషన్ దగ్గర కూర్చోబెట్టి, "నడమ ఎర్ర చుక్క కనిపిస్తా ఉండాదా?" అని అడిగాడు. "కనిపిస్తా ఉండాది" అన్నాడు నాయన. కొలిచాడు. నేను చదివాను. మూడు అంకెలు మూడు దారుల్లో పోయాయి. అలాగే ఇంకో మూడు తీశాడు, అవీ కలవలేదు. "కంట్లో తడి ఆరిపోయి ఉండాది. చుక్కల మందు వేసుకుని వచ్చే నెల రా" అన్నాడు. బస్సు పోయింది. రెండో నెల మందు వేసుకునే వెళ్ళాం. తల కదులుతోందని నన్ను వెనక నిలబెట్టి నాయన తల రెండు చేతులా పట్టుకోమన్నాడు, అంకెలు చదవడానికి బెంచీ మీది మనిషిని పిలిచాడు. అయినా కలవలేదు. "మళ్ళా. మళ్ళా." చివరికి పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడు. ఆ బస్సూ పోయింది.

మూడో నెల, బస్సుకు ముందురోజు, నేను ఒక నిశ్చయంతో వెళ్ళాను. ఆ నిశ్చయం ఏమిటో నాకు నేనే పైకి చెప్పుకోలేదు.

మొదటిసారి మిషన్ మోగింది. "చదువమ్మా" అన్నాడు. తెర మీద ఇరవై మూడు పాయింట్ నలభై ఉంది. అదే చదివాను. రెండోసారి మోగింది. తెర మీద ఇరవై రెండు పాయింట్ అరవై ఐదు ఉంది. "ఇరవై మూడు పాయింట్ నలభై" అన్నాను. మూడోసారి ఇంకేదో వచ్చింది, దాన్ని సరిగ్గా చూడను కూడా లేదు. "ఇరవై మూడు పాయింట్ నలభై" అన్నాను. తెర ఆయనకు జానెడు దూరంలో ఉంది. ఇప్పుడు తిరిగి చూస్తాడు, నన్ను బయటికి గెంటుతాడు అనుకున్నాను. ఆయన తెర వైపు చూడనే లేదు.

"మూడూ ఒగటేనా?" అన్నాడు.

"అవును సార్."

"వెంట్రుకంత తేడా కూడా లే?"

"లేదు సార్."

ఆయన కార్డు మీద ఆనించిన పెన్సిల్‌ని పైకి తీసేశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "కింద మాతో ఒగడుండె. మేకుల దాకా పోకుండా, గాలి తగిలే చోట సుమ్నే ఊరికే కూచుని అంకెలు రాసుకొచ్చేటోడు. వాని పుస్తకంలో అంకెలన్నీ అచ్చంగా ఒగటే. నిజంగా కొలిస్తే ప్రతిసారీ కొంచిం తేడా వస్తాదమ్మా. దగ్గరగా వస్తాది గానీ అచ్చంగా అదే రాదు. అదే వచ్చిందంటే కొలవలేదని."

అప్పుడు నాకు ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. "ఇంకేం చెయ్యమంటారు సార్? మనిషిని ఇంట్లో పెట్టి తాళం వేసుకుని పోతున్నాను నేను. గొడ్డుకైనా కట్టు విప్పుతారు. ఇంకో నెల అంటారు, ఇంకో నెల అంటారు. మీ మూడు అంకెలు కలిసేలోగా ఆయన ఆ తలుపు వెనకే పోతాడు" అని గట్టిగా అరిచాను.

నాయన గడ్డం ఇంకా మిషన్ మీదే ఉంది. తియ్యమని ఎవరూ చెప్పలేదు కదా. ఆ పట్టీలో ఇరుక్కునే ఉండి అన్నాడు. "దాన్ని ఏమనాకప్పా. తప్పు నాది. నాకు ఎర్ర చుక్క కనపడదు."

"మొదటినించీనా?"

"మొదటినించీ. నడమ ఏమీ కనపడదు, నల్లగా ఉండాది. చెప్తే అన్‌ఫిట్ అని రాస్తావని చెప్పలే."

మళ్ళా సార్ కోప్పడతాడని ఎదురుచూశాను. ఆయన స్టూలు దగ్గరికి లాక్కుని నాయన భుజం మీద చెయ్యి వేశాడు. "మనమందరమూ అంతేలేప్పా" అన్నాడు. తర్వాత, "ఈడ అన్‌ఫిట్ లేదు. కానీ నిజం చెప్తా విను. నడమ నల్లగా ఉండాదంటే అది పొర కాదు, కంటి వెనక మచ్చ. లెన్సు పెట్టినా నడమ రాదు. మనుషుల మొకాలు కనపడవు. పక్కలు కనపడతాయి. దారి కనపడతాది, తలుపు కనపడతాది. అంతే. చాలునా?" అని అడిగాడు.

"తలుపు చాలప్పా" అన్నాడు నాయన.

కొలత ఎందుకు కలవడం లేదో అప్పుడు నాకు అర్థమైంది. చూడ్డానికి చుక్క లేని కన్ను ఒక్కోసారి ఒక్కో దిక్కు చూస్తోంది. మిషన్ ప్రతిసారీ కంట్లో వేరే చోటును కొలుస్తోంది.

"కింద లైటు ఆరిపోతే సుత్తి యాడుండాదో నీకు తెలిసేదా లేదా?" అని అడిగాడు మళ్ళా సార్.

"తెలీకేం. చేతికి తెలుస్తాది."

"శరి, ఇట్ల రా." నాయన కుడిచెయ్యి పట్టుకుని బొటనవేలిని మిషన్ వెలుగు వచ్చే చోటుకు సరిగ్గా కింద ఆనించాడు. "ఇప్పుడు నీ బొటనేలు చూడు."

"కనపడదు గదప్పా."

"కనపడనక్కర్లే. అది యాడుండాదో నీకు తెలుసు. ఆ పక్కకు కన్ను పెట్టు."

నాయన నుదురు ముడిపడింది. తర్వాత మొహం తేటపడింది. మిషన్ మోగింది.

"చదువమ్మా" అన్నాడు సార్, నాతోనే.

"ఇరవై మూడు పాయింట్ ముప్పై ఎనిమిది."

"మళ్ళా."

"ఇరవై మూడు పాయింట్ నలభై ఒకటి."

"మళ్ళా."

"ఇరవై మూడు పాయింట్ ముప్పై ఆరు."

ఆయన కార్డు మీద లావుపాటి అక్షరాలతో మూడూ రాశాడు. బయట బెంచీ మీది ముసలాయన ఒకడు, "అయిందా తల్లీ?" అని అడిగాడు. అయిందని తల ఊపాను.

ఆపరేషన్ అయింది. ఆయన చెప్పినంతే వచ్చింది, అంతకన్నా ఎక్కువ రాలేదు. నాయనకు నా మొహం మళ్ళీ కనపడలేదు. తలుపు కనపడింది, కొళాయి కనపడింది, దూరాన గని వదిలేసిన సైనైడ్ మట్టి దిబ్బ తెల్లగా కనపడింది. పాత షాఫ్ట్ కంచె ఎక్కడుందో కనపడింది. ఒక నెల చూసి తాళాన్ని ట్రంకు పెట్టెలో పడేశాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు నాయన తన కాళ్ళతో తను తిరిగాడు. బజారులో మళ్ళా సార్ ఎదురైతే ఇద్దరూ నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఈయన ఆయన చెవి పక్కకు, ఆయన ఈయన చెవి పక్కకు చూస్తూ. చూసేవాళ్ళకు ఇద్దరూ ఇంకెవరితోనో మాట్లాడుతున్నట్టు ఉండేది. నేను నవ్వుకునేదాన్ని. అంత కళ్ళ ముందు జరుగుతున్నా నాకు తట్టలేదు.

కోలారు నుంచి వస్తూ ఆండర్సన్‌పేటలో దిగాను. ఐదు రీడింగుల కాగితం మళ్ళా సార్‌కు చూపించాలని, మీరు లేకుండానే మిషన్లు నేర్చేసుకున్నాయి అని ఏడిపించాలని. ఆయన భార్య గుమ్మంలో చింతపండు గింజలు తీస్తోంది.

"పోయినారమ్మా. వానకాలంలోనే" అంది.

కూర్చున్నాను. చేతిలో కాగితం ఆమెకు చూపించి, ఇప్పుడు మిషనే చదువుకుంటోంది, పక్కన ఎవరూ నిలబడక్కర్లేదు అన్నాను.

"అట్లాంటిది అప్పుడే ఉండింటే ఆయనకు అంత భయం ఉండేది కాదు" అంది ఆమె.

"భయమేంటమ్మా?"

ఆమె గింజలు తీయడం ఆపి నా వైపు చూసింది. "నీకు తెలీదా? ఆయనకు చూపు యాడుండె? గని మూయక ముందునించే కంటి నడమ పోయింది. చార్టు నోటికి చదివి నెట్టుకొచ్చినాడు. క్లినిక్‌లో చేరినాక మిషన్ మోత విని కుదిరిందా లేదా అని చెప్పేవాడు గానీ అంకె కనపడేది కాదు. ఎవురికీ చెప్పాకు అన్నాడు. చెప్తే అన్‌ఫిట్ అంటారని."

నాకు ముందు కోపం వచ్చింది. చూపు లేని మనిషి మా లైన్లందరి కళ్ళూ కొలిచాడా అని. ఒక్క కన్నున్న మా నాయనను అలాంటి చేతుల్లో పెట్టానా అని. తర్వాత ఆ లావుపాటి పెన్సిల్, అరచేతంత అంకెలు, ఒంటరిగా వచ్చినవాళ్ళకు బెంచీ మీదినుంచి ఎవరినో పిలవడం, పక్కన ఇంకో కన్ను లేనిదే మిషన్ ముట్టకపోవడం అన్నీ ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. తన కన్నును తాను నమ్మలేక ఆయన అన్నీ మూడుసార్లు చేశాడు. మా నాయనకు నేను తాళం వేశాను. మళ్ళా సార్ తనకు తానే వేసుకుని, తాళం చెవి ఎవరికీ ఇవ్వలేదు.

ఇంటికి వచ్చి ట్రంకు పెట్టెలోంచి నాయన కార్డు తీశాను. ముప్పై ఎనిమిది, నలభై ఒకటి, ముప్పై ఆరు. ఆ రోజు ఆ తెర ఆయనకు కనపడలేదు. నేను అబద్ధం చదివానని ఆయనకు తెలుసు. ఈసారి కొంచెం కొంచెం తేడా పెట్టి అబద్ధం చెప్పడం ఎలాగో కూడా ఆయనే నాకు అప్పుడే నేర్పాడు. నేను ఏ మూడు అంకెలు చెప్పి ఉన్నా రాసేవాడు. ముందు గదిలో బెంచీ నిండా మనుషులున్నారు, ఎవరినైనా పిలవొచ్చు. పిలవలేదు. "చదువమ్మా" అని నన్నే అన్నాడు.